అమ్మ డయాలసిస్: నెలకు పదమూడు సార్లు హనుమకొండ పోయి రావడమా, అక్కడే రూమ్ తీసుకోవడమా, ఇంట్లో కడుపు డయాలసిస్సా?

గోదారొడ్డు పోరడు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

మాది మంగపేట మండలంలో గోదావరి ఒడ్డు ఊరు. రెండెకరాలు సొంతం, ఎకరంన్నర కౌలు. మిర్చి, వరి వేస్తాం. జనవరి నుంచి మే దాకా నేను ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో కాంటా చిట్టీలు రాస్తాను. మిగతా ఏడు నెలలు ఊళ్లోనే. బాపు ఒకప్పుడు కమలాపురం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. 2014లో అది మూతపడ్డాక ఇగ వ్యవసాయమే. అక్క మంచిర్యాలలో ఉంటుంది, ఇద్దరు చిన్న పిల్లలు.

అమ్మకు యాభై రెండేళ్లు. పదేళ్ల నుంచి మోకాళ్ల నొప్పులు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి గోలీ తెచ్చుకుని పొద్దున ఒకటి వేసుకుంటే సాయంత్రం దాకా మిరప తోటలో వంగి ఏరగలిగేది. అట్లా ఏండ్లకు ఏండ్లు వేసుకుంది. బీపీ ఉందన్న సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ చూపించలేదు. ఫిబ్రవరిలో కాళ్లు ఉబ్బాయి. ఎండకు అనుకున్నాం. ఏప్రిల్‌లో ఒక రాత్రి పడుకుంటే ఊపిరాడక తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చుంది. 108లో దగ్గరి దవాఖానకు, అక్కడి నుంచి ఇంకొంచెం పెద్దదానికి, అక్కడి నుంచి వరంగల్‌కు. మూడు చోట్లా కథ మొదటి నుంచి చెప్పాను. కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పదకొండు దాటిందన్నారు. మెడలో పైపు వేసి అదే రోజు మెషిన్ మీద పడుకోబెట్టారు. వారానికి మూడు సార్లు, ఎప్పటికీ, అన్నారు. "ఎప్పటికీ" అన్న మాట అమ్మకు ఇంకా సరిగ్గా చెప్పలేదు.

ఆరోగ్యశ్రీలో అయింది. మెషిన్‌కు, మందులకు ఒక్క రూపాయి తీసుకోలేదు. అందుకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫ్రీ కానిదల్లా దారి.

ఊరి నుంచి హనుమకొండ దాదాపు 120 కిలోమీటర్లు. పొద్దున అయిదు గంటల బస్సు. ఏటూరునాగారం, తాడ్వాయి, పస్రా, ములుగు దాటి హనుమకొండ బస్టాండ్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర. పది నుంచి రెండు దాకా మెషిన్. తర్వాత అమ్మ కళ్లు తిరుగుతున్నాయని ఒక గంట బెంచీ మీద పడుకుంటుంది. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. మరుసటి రోజంతా మంచంలోనే. ఆ తర్వాతి రోజు మళ్లీ అయిదు గంటల బస్సు.

చిట్టీలు రాసే అలవాటు కదా, ఇదీ రాసిపెట్టాను. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి అమ్మకు జీరో టికెట్. తోడు పోయే నాకు పోను రాను 360. అక్క తోడు వస్తే ఇద్దరికీ జీరోనే, కానీ అక్క రాలేదు. అమ్మ నడవలేదు కాబట్టి బస్టాండ్ నుంచి దవాఖానకు, మళ్లీ బస్టాండ్‌కు ఆటో 160. తిండి, చాయ్ 150. రోజుకు 670. నెలకు పదమూడు సార్లు, 8,710. నా కూలీ రోజుకు 500 లెక్కేస్తే ఇంకో 6,500. మొత్తం 15,210. ఇది ఫ్రీ వైద్యం ఖర్చు.

మాకు నలభై కిలోమీటర్ల లోపే ఒక సర్కారు డయాలసిస్ సెంటర్ ఉంది. పేరు రాయను. మెషిన్లు అయిదు, అందులో ఒకటి ఎప్పుడు చూసినా రిపేర్‌లోనే. పేరు రాయించి ఏడు వారాలైంది. మా తర్వాత రాయించుకున్న ఒకాయన మొన్న మెషిన్ ఎక్కాడు. ఎవరో పెద్దాయనతో ఫోన్ చేయించాడట. గొడవ పెట్టుకుందామంటే, రేపు స్లాట్ వస్తే అదే సిస్టర్ చేతిలో కదా అమ్మను పెట్టాలి.

హనుమకొండలో కిడ్నీ డాక్టర్ సార్ "కడుపు డయాలసిస్ కూడా ఉంటుంది, ఇంట్లోనే చేసుకోవచ్చు, ఆలోచించుకోండి" అన్నారు. రెండు నిమిషాలు చెప్పారు. బయట యాభై మంది ఉన్నారు, ఆయన్ను ఏమంటాం.

నేను అడిగేవి:

హనుమకొండలో నయీంనగర్ వైపు ఒక రూమ్ చూశాను, నాలుగు వేలు. అక్కడ ఉంటే దారి ఖర్చు పోతుంది. కానీ బాపు ఒక్కడు ఊళ్లో, నాట్లు వేసే టైమ్. ఎవరైనా అట్లా మకాం మార్చిన వాళ్లు ఉన్నారా?

కడుపు డయాలసిస్ మాలాంటి పెంకుటింట్లో అయ్యే పనేనా? అమ్మకు ముప్పై నాలుగేళ్లకే గర్భసంచి తీసేశారు, అది అడ్డమా?

మూడోది అమ్మ అడుగుతోంది. "వారానికి రెండు సార్లు పోతే కాదా, నీ పని పోతోంది" అని రోజూ పోరు. పోయిన వారం గురువారం పోనని మంచం దిగలేదు. తర్వాత శనివారం మెషిన్ మీద బీపీ పడిపోయి వణికింది. అప్పటి నుంచి నాకు రాత్రిళ్లు నిద్ర లేదు.

కూకట్‌పల్లి వాసి

బ్రదర్, ఇదంతా ఎందుకు, హైదరాబాద్ వచ్చేయండి. పెద్ద దవాఖానలన్నీ ఇక్కడే ఉన్నాయి. గల్లీకో డయాలసిస్ సెంటర్ ఉంది. మీరు చదువుకున్నట్టున్నారు, ఏదో ఒక ఉద్యోగం దొరక్కపోదు.

గోదారొడ్డు పోరడు

అన్నా, మంచి మనసుతోనే చెప్పినట్టున్నావు. కానీ గల్లీకో సెంటర్ మీ దగ్గర ఉంది కాబట్టి మేమే ఊరు ఎత్తుకుని రావాలంటే ఎట్లా? బాపును, రెండు బర్రెలను, కౌలు పొలాన్ని ఏ గల్లీలో పెట్టాలి? హనుమకొండ దాకా ఆలోచించడమే మాకు చాలా పెద్ద సంగతి.

నాలుగేళ్ల మెషిన్

తమ్మీ, నేను గోవిందరావుపేట దగ్గరివాణ్ణి. నాకే నాలుగేళ్ల నుంచి డయాలసిస్. మీ బస్సు మా ఊరి మీదుగానే పోతుంది, ఎన్నో సార్లు పక్కపక్క సీట్లలో కూర్చుని ఉంటాం.

ముందు అమ్మ అడిగిందానికి చెప్తాను. మూత్రం ఇంకా బాగా వచ్చే కొందరికి మొదట్లో డాక్టరే రెండు సార్లు చాలంటాడు. అది ఆయన రిపోర్టులు చూసి చెప్పాల్సిన మాట. మనంతట మనం తగ్గించొద్దు. నేను రెండో ఏడాది పత్తి ఏరేటప్పుడు ఒకటి ఎగ్గొట్టాను. ఆదివారం రాత్రి కాళ్లు చేతులు బరువెక్కి లేవలేకపోయాను. పొటాషియం పెరిగింది, ఇంకొంచెం అయితే గుండె ఆగేదన్నారు. వారంలో రెండు రోజుల గ్యాప్ వస్తుంది చూడు, ప్రమాదమంతా దాంట్లోనే. ముఖ్యంగా ఆ రెండు రోజులు, పొటాషియం ఎక్కువుండే కొబ్బరి నీళ్లు, అరటిపండు, టమాటా చారు ఇంట్లోకే రానీయకు. చుట్టాలు చూడవచ్చేటప్పుడు బోండాలు పట్టుకొస్తారు. వాళ్లను తిట్టలేం, బోండాలు నువ్వు తాగెయ్.

వణికిందన్నావు. జ్వరం కూడా వచ్చిందా? మెడ పైపు ఉన్నవాళ్లకు మెషిన్ మీద చలి, వణుకు వస్తే పైపులో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. బీపీ పడిందని వదిలెయ్యకు, వచ్చేసారి వెళ్లగానే సార్‌కు చెప్పు.

ఇక మీ పోస్టులో ఎక్కడా కనిపించని మాట ఫిస్టులా. మణికట్టు దగ్గర రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషన్. చేశాక ఆరు వారాల నుంచి రెండు మూడు నెలలకు గానీ సూదికి పనికిరాదు. అందుకే ఇవాళే అడుగు. ఏ చేతికి చేస్తామంటారో అడిగి, ఆ చేతికి ఇప్పటి నుంచే సూది గుచ్చనీయకు, రక్తం తీయనీయకు, బీపీ పట్టీ కట్టనీయకు. అయ్యాక ఆ చేత్తో నీళ్ల బిందె మొయ్యొద్దు. మీద చెవి పెడితే గుర్రుమని శబ్దం రావాలి. మా ఆవిడ రోజూ పొద్దున చాయ్ కన్నా ముందు నా చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. హెపటైటిస్ బి టీకా నాలుగు డోసులు కూడా మొదలుపెట్టించు.

దగ్గరి సెంటర్ సంగతి. ఒకటి, మీ పేరు లిస్టులో ఎన్నో నంబరో కాగితం మీద రాయించుకో. నోటిమాట లిస్టుకు ముందు వెనక ఉండదు. రెండు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. ఎవరినీ తిట్టకుండా ఒక్క పేజీ రాయి: ఫలానా తేదీన పేరు రాయించాం, ఇంత దూరం పోతున్నాం, లిస్టు గోడకు అంటించాలని కోరుతున్నాం. రసీదు తీసుకో. మూడు, ఏ షిఫ్ట్ అయినా వస్తామని చెప్పు. సాయంత్రం మొదలై రాత్రి ముగిసే షిఫ్ట్ ఎవరూ అడగరు, బస్సు ఉండదు కాబట్టి. వైరల్ మార్కర్ల (హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి) రిపోర్టు, డయాలసిస్ చార్టు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీళ్లు లేనప్పటి బరువు) రాసిన కాగితం ఒక కవర్‌లో రెడీగా పెట్టుకో. ఫోన్ వచ్చిన రోజు ఆ రిపోర్టు లేక వారం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పింఛను పెట్టారా? 2022 నుంచి డయాలసిస్ వాళ్లకు కూడా ఇస్తున్నారు, నెలకు 2,016. నీ లెక్కలో మూడు రోజుల దారి ఖర్చుకు సరిపోతుంది.

రూమ్ గురించి: వానాకాలం అంతా తీసుకో, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయి మునిగింది గుర్తుందా, మనుషులు పోయారు. అప్పుడు మనవైపు రోడ్లన్నీ తెగాయి. అట్లాంటప్పుడు వాగు ఇవతల చిక్కుకుంటే మెషిన్ మన దగ్గరికి ఈదుకుంటూ రాదు. రెండేళ్లకోసారి మేడారం జాతర కూడా ఉంటుంది. ఆ నాలుగు రోజులు, ముందు రెండు, వెనక రెండు రోజులు ఆ రోడ్డు సమ్మక్క సారలమ్మలది. 2024 జాతరప్పుడు నేను హనుమకొండలో మా మేనత్త ఇంట్లో ఉండిపోయాను. తల్లులకు టీవీలోనే మొక్కాను.

మంథని టీచరమ్మ

మా నాన్నకు మూడేళ్లు ఇంట్లో పెరిటోనియల్ డయాలసిస్, అంటే మీరన్న కడుపు డయాలసిస్, నేనే చేశాను. ఆయన పోయి ఏడాదైంది, గుండెపోటుతో. డయాలసిస్ వల్ల కాదు. తెలిసింది చెప్తాను.

కడుపులోకి మెత్తటి పైపు ఒకటి పెడతారు. దాన్ని మానడానికి రెండు వారాల దాకా వదిలేస్తారు. తర్వాత రెండు లీటర్ల మందు నీళ్ల సంచి ఒక కొక్కేనికి తగిలించి కడుపులోకి వదలడం, నాలుగైదు గంటలు ఉంచడం, బయటికి తీసి కొత్తది వదలడం. మాకు రోజుకు నాలుగు సార్లు. ఒక్కోసారికి అరగంట పైనే పడుతుంది. మెషిన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మా నాన్న సంచి నీళ్లు కడుపులోకి వదిలించుకుని, పంచె కట్టుకుని మిరపకాయలు తూకం వేయించడానికి అంగడికి పోయేవాడు. మెషిన్ మీద పడుకున్నవాళ్లలా నీరసపడలేదు.

ఇప్పుడు కష్టాలు. నెలకు నూట ఇరవై సంచులు. ఒక్కోటి రెండు కిలోల పైనే. అంటే పావు టన్ను సరుకు మీ ఇంటి గుమ్మంలో దిగుతుంది. అట్టపెట్టెల కోసం మేము పూజ గది ఖాళీ చేశాం. ఎలుకలు! వాటి గురించి ఏ డాక్టరూ చెప్పడు. అట్ట కొరికి, సంచికి పన్ను తగిలితే అది పారేయాల్సిందే. రేకు డ్రమ్ములు కొన్నాక గానీ నాకు నిద్ర పట్టలేదు. మీది పెంకుటిల్లు అంటున్నారు కాబట్టి, ఒక మూల గదికి పెంకుల కింద ప్లాస్టిక్ షీటు కొట్టించి సీలింగ్ చేయించండి. మార్చేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, తలుపు వేయాలి, మూతికి మాస్కు, చేతులు సబ్బుతో మోచేతి దాకా. మే నెలలో ఆ అరగంట ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

భయపడాల్సింది ఒక్కదానికే, కడుపులో చీముకు. బయటికి వచ్చిన నీళ్ల సంచి కింద న్యూస్‌పేపర్ పెట్టి చూడమని నేర్పారు. అక్షరాలు చదవగలిగితే సరే. మసకగా ఉంటే, కడుపునొప్పి ఉన్నా లేకున్నా, ఆ సంచి చేతిలో పట్టుకుని వెంటనే దవాఖానకు. మూడేళ్లలో మాకు రెండు సార్లు అయింది. రెండుసార్లూ రాత్రే గమనించాం, రాత్రే పోయాం.

మీకు నేనే ప్రశ్న అడుగుతాను, ఏమనుకోకండి. మీరు జనవరి నుంచి మే దాకా ఏనుమాములలో ఉంటారు. ఆ అయిదు నెలలు రోజుకు నాలుగు సార్లు సంచి ఎవరు మారుస్తారు? అమ్మే నేర్చుకోవచ్చు, కానీ ఆమె చేతివేళ్లు బాగా కదులుతాయా, చూపు ఆనుతుందా? మీ నాన్నగారు నేర్చుకుంటారా? మగవాళ్లు నేర్చుకోరని కాదు. మా తమ్ముడు రెండో రోజే వదిలేశాడు. ఆరోగ్యశ్రీ కింద సంచులు వస్తాయా, వస్తే నెలనెలా ఇంటిదాకా ఎవరు చేరుస్తారు అన్నది దవాఖానలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కాగితం మీద రాయించుకున్నాకే పైపు వేయించండి. పైపు వేసేశాక బేరం ఉండదు.

రాత్రి డ్యూటీ

వరంగల్‌లో ఎండీ చేస్తున్నాను. కిడ్నీ స్పెషలిస్టును కాదు, మీ అమ్మగారిని చూడలేదు, కాబట్టి చికిత్స మీ డాక్టర్ చెప్పినట్టే. కొన్ని సంగతులు మాత్రం.

గర్భసంచి ఆపరేషన్ అయినంత మాత్రాన పెరిటోనియల్ డయాలసిస్ కుదరదని కాదు. లోపల పేగులు అతుక్కుని ఉంటే ఇబ్బంది, పైపు వేసే సర్జన్ అది చూస్తాడు. హెర్నియా ఉందేమో కూడా చెప్పండి. ముప్పై నాలుగేళ్లకు గర్భసంచి, పదేళ్లు నొప్పి గోలీలు, బీపీ ఎవరూ చూడలేదు: ఈ మూడూ కలిసిన అమ్మలు మా వార్డులో వారానికి ఇద్దరైనా వస్తారు. ఇక నొప్పి గోలీ, ఆకు పసరు, ఏదైనా సరే, డాక్టర్‌ను అడగకుండా వద్దు.

మెషిన్ దగ్గర ఎందుకు లేదని మీకు కోపం ఉంటుంది. ఒక్క మనిషికి ఒక్కసారి నాలుగు గంటలు చేయాలంటే దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఆర్‌ఓ ప్లాంటు, ఆగని కరెంటు, టెక్నీషియన్, పైన కిడ్నీ డాక్టర్. లెక్క ప్రకారం మైదానంలో ముప్పై వేల మందికి ఒక పీహెచ్‌సీ, ఏజెన్సీలో ఇరవై వేల మందికే ఒకటి. అంటే దూరం ఎక్కువని సర్కారుకు ఎప్పటి నుంచో తెలుసు. కానీ ఆ లెక్క పీహెచ్‌సీ దగ్గరే ఆగుతుంది. స్పెషలిస్టుకు అట్లాంటి లెక్క పనిచేయదు, అతను ప్రాక్టీసు నడిచే చోటికే పోతాడు. నేనూ పోతానేమో. 1971లో వేల్స్ బొగ్గు గనుల ఊళ్లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టర్ లాన్సెట్ పత్రికలో ఇదే రాశాడు: వైద్యం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతుంది, డబ్బు మీద నడిచే వైద్యంలో అది ఇంకా ముదురుతుంది అని. సెమినార్ కోసం చదివాను, రాత్రి డ్యూటీలో రిఫర్ కాగితాలు చూస్తుంటే గుర్తొస్తుంది.

థాయ్‌లాండ్‌లో 2008లో సర్కారు ఇన్సూరెన్స్ కింద అందరికీ ముందు ఇంటి డయాలసిస్సే అని పెట్టారు. పల్లెలకు మెషిన్లు పంపడం కన్నా సంచులు పంపడం సులువని. 2022లో దాన్ని సడలించి ఏది కావాలో రోగినే ఎంచుకోమన్నారు. మన దేశంలో 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం ముందు మెషిన్ల మీదే నడిచింది, ఇంటి పద్ధతికి మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. కాబట్టి మీ డాక్టర్ చెప్పింది వింత మాటేం కాదు. మళ్లీ వెళ్లినప్పుడు ఓపీ చివర్లో, ఒంటిగంట తర్వాత కలవండి. రెండు నిమిషాలు పది అవుతాయి. కిడ్నీ మార్పిడికి జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకు ఇప్పించే సర్కారు కార్యక్రమం) పేరు నమోదు గురించి కూడా అప్పుడే అడగండి.

బొగ్గు బాయి కొడుకు

భూపాలపల్లి. మా నాయన సింగరేణి పర్మినెంటు కార్మికుడు, ఆయనకూ కిడ్నీలే. కంపెనీ దవాఖానలో చూపించాం, వాళ్లే హైదరాబాద్‌కు రిఫర్ లెటర్ రాసిచ్చారు. అదే బాయిలో కాంట్రాక్టు మీద పనిచేసే మా చిన్నాయనకు బీపీ గోలీలు అయిపోతే మా నాయన పట్టీలోంచి నాలుగు ఇచ్చేవాడు. ఒకే ఇంటి గోడకు అటొకరు ఇటొకరు. మీ బాపు కూడా కాంట్రాక్టే అన్నారు కదా, అది చదివి రాయాలనిపించింది. సలహా ఏం లేదు. హనుమకొండలో రూమ్ తీసుకుంటే మెట్లు లేనిది చూడండి. మేము రెండో అంతస్తు తీసుకుని తప్పు చేశాం.

ఆశ అక్క

తమ్మీ, నేను మీ పక్క మండలంలో ఆశాను. మీ ఊరి ఆశాకు చెప్పి బాపుకు, నీకు బీపీ, షుగర్ చూపించు. పీహెచ్‌సీలో బీపీ గోలీలు నెలనెలా ఫ్రీగా ఇస్తారు, ఎవరూ రారు. నొప్పి గోలీకైతే ఆర్‌ఎంపీ దగ్గర లైను కడతారు.

నీకు కార్డు ఉంది, అది పోగొట్టుకోకు, జిరాక్సులు తీసి పెట్టుకో. నా కింద రెండు గొత్తికోయ ఆదివాసీల గూడేలు ఉన్నాయి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్లు. ఒక పిల్లకు కాళ్లు ఉబ్బితే తీసుకుపోయా. ఆధార్ అడిగారు, లేదు. రేషన్ కార్డు, లేదు. ఊరు పేరు అడిగితే ఆ గూడేనికి పేరే లేదు, వాగు పేరు చెప్పాను. పిల్ల బాగానే ఉంది ఇప్పుడు. మూడు రోజులు నేను అక్కడే కూర్చున్నాను కాబట్టి.

గోదారొడ్డు పోరడు, నాలుగు వారాల తర్వాత

అందరికీ పేరుపేరునా దండాలు. వెంటనే రాయలేకపోయాను.

వణుకు సంగతి అన్న చెప్పగానే సార్‌కు చెప్పాం. పైపులో ఇన్ఫెక్షనే. ఆ పైపు తీసి, మందులు పెట్టి, కొత్తది వేశారు. అమ్మ ఎనిమిది రోజులు వార్డులో ఉంది. ఆ ఎనిమిది రోజుల్లోనే ఎడమ చేతికి ఫిస్టులా కూడా అయింది. ఇప్పుడు నేను కూడా పొద్దున లేవగానే చెవి పెట్టి వింటున్నాను. దూరంగా మోటారు నడుస్తున్నట్టు ఉంది. "ఏమంటోంది?" అని అడుగుతుంది అమ్మ.

కడుపు డయాలసిస్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. టీచరమ్మ అడిగిన ప్రశ్నే కారణం. బాపుకు చెప్పి చూశాను, నేర్చుకుంటానన్నాడు కూడా. కానీ ఆయనకు దగ్గరి చూపు లేదు, న్యూస్‌పేపర్ అక్షరాలు సంచి లేకుండానే చదవలేడు. కళ్లద్దాలు చేయించాలి ముందు. అదీ ఎవరూ చూడని సంగతే, ఆయన కూడా ఎప్పుడూ చెప్పలేదు.

రూమ్ తీసుకున్నాం, కిందిదే, మెట్లు లేవు. నయీంనగర్ కాదు, ఇంకొంచెం లోపలికి, మూడు వేల అయిదు వందలు. దారి ఖర్చుతో పోలిస్తే కలిసి వచ్చింది. కానీ అమ్మకు మనసు నిలవదు. సాయంత్రం కాగానే బర్రెలకు గడ్డి వేశాడో లేదో అని బాపుకు ఫోన్. నాట్లకు కూలీలను పెట్టాం. అది ఇంకో లెక్క, రాయను.

"ఎప్పటికీ" అన్నది అమ్మకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వార్డులో పక్క మంచం ఆమె చెప్పేసిందట. "నీకన్నా ముందే నాకు ఎరుక" అంది.

ప్రజావాణిలో కాగితం ఇచ్చాను. రెండు వారాలకు ఆ సెంటర్ గోడ మీద లిస్టు అంటించారని మా ఊరి పిల్లవాడు ఫోటో పంపాడు. అమ్మ పేరు మూడో నంబరు. మొన్న శుక్రవారం ఫోన్ చేసి, స్లాట్ ఖాళీ అయింది, సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం షిఫ్ట్, వస్తారా అని అడిగారు. వస్తామన్నాను. ఎట్లా ఖాళీ అయిందని అడగలేదు. ఫోటోలో పైనున్న రెండు పేర్లు ఏమయ్యాయో అదీ అడగలేదు.

వానలు తగ్గేదాకా హనుమకొండలోనే ఉండి, తర్వాత అక్కడికి మారుదామా అంటే, అప్పటిదాకా స్లాట్ ఆపరట. అందుకే సోమవారం నుంచి అక్కడే మొదలు. రాత్రి తొమ్మిదికి అయిపోతే బస్సు ఉండదు. మా ఊళ్లో ట్రాలీ ఆటో ఉన్న అన్నను నెలకు మాట్లాడాను. రూమ్ మాత్రం రెండు నెలలు ఖాళీ చేయడం లేదు, వాగు పొంగితే ముందు రోజే వచ్చి పడతాం.

నాలుగేళ్ల మెషిన్ అన్నా, ఒక్కటే అడుగుతాను. అమ్మకు మెషిన్ మీద బాగా చలి పెడుతుంది. అక్కడ దుప్పటి ఇస్తారా, మనమే తీసుకుపోవాలా?

నాలుగేళ్ల మెషిన్

మనదే తీసుకుపో తమ్మీ. మందంది తీసుకుపో, ఏసీ నెత్తి మీదే ఉంటుంది. కాళ్లకు సాక్సులు కూడా. కానీ మెడ మీదికి కప్పనీయకు. పైపు సిస్టర్‌కు కనబడుతుండాలి. రేపు ఫిస్టులాలో సూదులు పెట్టినప్పుడు ఆ చెయ్యి కూడా అంతే, చలేసినా బయటే ఉండాలి. మా బస్‌స్టాప్ దగ్గర మీ ఆటో పోయేది ఉంటే హారన్ కొట్టు.